నాపరాయి, నకలు రాయి

సంక్రాంతి వెళ్ళిన పది రోజులకి ప్రొద్దుటూరులో మా అమ్మ ఇంటి ముందర తవ్వేశారు. భూమిలోపల మురుగు పైపు పగిలింది. ముగ్గురు మనుషులు వచ్చి, గునపాలతో బండలు లేపి, పైపు మార్చి, మట్టి పూడ్చి వెళ్ళిపోయారు. లేపిన బండల్లో కొన్ని విరిగాయి, తక్కినవి గోడకు ఆనించి ఉన్నాయి. ఇరవై అడుగులకి ఇరవై అడుగుల జాగా అది. అమ్మ దాన్ని 'బయట' అంటుంది. పుస్తకాల్లో అయితే ముంగిలి. ఇంగ్లండులో ఉన్న మా తమ్ముడు పాటియో అంటాడు.

దాన్ని మళ్ళీ దేంతో పరవాలి? కొత్త నాపబండలే వేయించమని అమ్మ. సిమెంటు పేవర్లు వేయించమని తమ్ముడు. మేస్త్రీ తన ఫోన్లో మూడో రకం చూపించాడు: పైన రాయి బొమ్మ ముద్రించిన టైల్స్, దూరం నుంచి చూస్తే అచ్చం బండల్లాగే ఉంటాయి. మూడూ అటూ ఇటుగా ఒకే ధరకి వస్తున్నాయి కాబట్టి ఈ తగవు డబ్బు తీర్చేది కాదు. నేనే తీర్చాలి. హైదరాబాదు నుంచి బస్సెక్కి వచ్చి దగ్గరుండి పని చేయించేది నేనే కదా.

మూడు వారాలు తేల్చలేకపోయాను. నాలుగు వందల చదరపు అడుగుల నేలకి ఇంత ఆలోచనా అని సిగ్గుపడ్డాను కూడా. ఎందుకు తేలడం లేదో నిదానంగా చూసుకుంటే తెలిసిందేమిటంటే, నేను అడుగుతున్నది ఒక ప్రశ్న కాదు. సహజమైనది మంచిదా అనేది ఒకటి. నకలు చేయడం అబద్ధమా అనేది ఇంకొకటి. ఎక్కడో, ఎవరి ఊపిరితిత్తుల్లోనో పడే దుమ్ముకి నా బాధ్యత ఎంత అనేది మూడోది. ఈ మూడూ ఒక ముద్దయి నా ముందు కూర్చున్నాయి. విడదీసి చూస్తే ఏమైనా తెలుస్తుందేమో అని ఇది రాస్తున్నాను.

*

ముందు రాయి సంగతి.

మా ప్రాంతంలో పుట్టినవాళ్ళకి నాపరాయి గురించి చెప్పక్కర్లేదు. ఇంట్లో నేల అదే, వంటింటి గట్టు అదే, అటక అదే, గోడలోని అలమర పలకలు అవే. పొలం చుట్టూ కంచె కావాలంటే బండల్ని నిలువునా వరసగా పాతేస్తారు. కడప జిల్లాలో ఎర్రగుంట్ల చుట్టుపక్కల నల్లటిది దొరుకుతుంది. ముంబయి, పుణె వంటిళ్ళలో 'కడప్పా' అంటే అదే, ఊరి పేరు రాయి పేరైపోయింది. నంద్యాల జిల్లా బేతంచర్ల దగ్గర ఇంకో రకం. తెలంగాణలో తాండూరుది నీలంగానూ పసుపుగానూ ఉంటుంది. సరిహద్దు దాటి కర్ణాటకలోకి వెళితే షాబాదు. హైదరాబాదు పాత ఇళ్ళలో ఏ నాపబండనైనా షాబాద్ బండ అనే అంటారు.

ఇవన్నీ సున్నపురాళ్ళే. యాభై కోట్ల ఏళ్ళకి పైబడిన నాటి సముద్రాల అడుగున పొరలు పొరలుగా పేరుకున్న బురద గట్టిపడి ఇలా అయ్యింది. పొరలుగా పేరుకుంది కాబట్టే పొరల వెంట చీలుతుంది. గ్రానైట్‌ని యంత్రం పెట్టి కోయాలి. నాపరాయిని, పొర ఎక్కడుందో తెలిసినవాడు, ఉలీ సుత్తీ పెట్టి పలకలుగా లేపగలడు. మా ప్రాంతంలో ఇంత సాదా ఇళ్ళకి కూడా రాతి నేలలు ఉన్నాయంటే కారణం ఐశ్వర్యం కాదు. ఆ రాయి చీలే గుణం.

అమ్మ వాదం చిన్నది. "అది భూమిలోంచి వచ్చింది పాపా. ఇది ఫ్యాక్టరీలోంచి వచ్చింది." అంటే సహజమైనది మేలు అని. వినడానికి బాగుంటుంది. కానీ సహజం అనే మాట ఒక్కటే పట్టుకుంటే ఎక్కడికీ చేరం. నల్లగొండ జిల్లాలో తరాల తరబడి మనుషుల ఎముకలు వంకర్లు పోయింది ఫ్లోరైడ్ వల్ల. ఆ ఫ్లోరైడ్‌ని ఏ ఫ్యాక్టరీ కలపలేదు. అది రాళ్ళలోంచి బావుల్లోకి దిగింది, పూర్తిగా సహజంగా. వాళ్ళకి మేలు చేసింది దూరం నుంచి పైపుల్లో తెచ్చి, శుద్ధి చేసి ఇచ్చిన నీళ్ళు. కాబట్టి 'సహజం' అంటే ఒక వస్తువు ఎక్కడి నుంచి వచ్చిందో తెలుస్తుంది గానీ, అది మంచిదో కాదో తెలియదు.

అదీగాక గనిలో ఉన్నంతవరకే అది సహజం. పైనున్న మట్టి తీసి, బండని లేపి, రంపం మీద అంచులు కోసి, పాలిష్ పట్టి, లారీ ఎక్కించాక అది సరుకు. తాండూరు వైపు వెళ్ళినవాళ్ళు రోడ్ల పక్కన రాతి వ్యర్థం గుట్టలు చూసే ఉంటారు. పనికొచ్చే బండ ఒకటి బయటికి రావాలంటే పనికిరానిది ఎంతో తీసి పారబోయాలి. ఆ గుట్టలు కూడా భూమిలోంచి వచ్చినవే.

రాయికి ఇంకో లోపం ఉంది. అది మా ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ ఎత్తరు. బావి దగ్గరి బండలు నీళ్ళకీ కాళ్ళకీ అరిగి అద్దంలా అయ్యాయి. వాటి నునుపు చూసి వచ్చిన చుట్టాలు మెచ్చుకునేవాళ్ళు. నేను పదో తరగతిలో ఉన్నప్పుడు, వానాకాలం ఒక పొద్దున, మా అవ్వ బిందె ఎత్తుకుని ఆ బండ మీదే జారింది. తుంటి ఎముక విరిగింది. మంచం మీంచి మళ్ళీ లేవలేదు. ఇప్పుడు అమ్మకి డెబ్బై నాలుగు. అరిగిన రాయి అందం గురించి ఎవరైనా రాస్తే నాకు బావి దగ్గర దొర్లుతున్న బిందె గుర్తొస్తుంది.

*

ఇక సిమెంటు పేవరు.

దీని తయారీలో దాచాల్సింది ఏమీ లేదు. సిమెంటు, చిప్స్, రోబో ఇసుక, నీళ్ళు కలిపి అచ్చులో పోసి, అదిమి గానీ అదరగొట్టి గానీ గట్టిపరుస్తారు. తర్వాత కొన్ని రోజులు తడుపుతారు. చాలావాటిలో రంగు పైపొరకే ఉంటుంది. కింద ఇసుక పరిచి, దాని మీద ఒకదాన్నొకటి పట్టుకునేలా పేర్చి, సందుల్లో ఇసుక నింపితే అయిపోయింది.

చాలా రోజులు నేను దీన్ని నాపరాయికి పూర్తి వ్యతిరేకం అనుకున్నాను. ఒకటి ప్రకృతి, ఒకటి యంత్రం. ఒకసారి ఎర్రగుంట్ల మీదుగా బస్సులో వెళ్తుంటే ఆ గీత చెరిగిపోయింది. బండల గనులు అక్కడే, సిమెంటు ఫ్యాక్టరీలూ అక్కడే. తాండూరులోనూ అంతే. ఎందుకంటే సిమెంటుకి ముడిసరుకు ఆ సున్నపురాయే. బాగా చీలేది బండ అవుతుంది. దాన్నే పొడిచేసి, మట్టి కలిపి, సుమారు 1450 డిగ్రీల వేడిలో కాలిస్తే సిమెంటు దారి పడుతుంది. అంటే అమ్మ రాయి, తమ్ముడి పేవరు అన్నదమ్ముల బిడ్డలు. ఒకదాన్ని పొర వెంట చీల్చి ఉన్నదాన్ని ఉన్నట్టు తెచ్చారు. ఇంకోదాన్ని నుగ్గు చేసి, కాల్చి, మళ్ళీ రాయిలాంటిదాన్ని కట్టారు.

తేడా ఆ కాల్చడంలో ఉంది. శుద్ధమైన సున్నపురాయి వంద కిలోలు కాలిస్తే మిగిలే సున్నం 56 కిలోలు. 44 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా గాలిలోకి పోతుంది. ఇది బొగ్గు పొగ కాదు, బొగ్గు పొగ లెక్క వేరే. ఇది రాయిలోపల కోట్ల ఏళ్ళుగా ఉన్న వాయువు. కొలిమికి ఏ ఇంధనం వాడినా ఈ 44 తప్పవు. ప్రపంచంలో మనుషులు వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో ఏడెనిమిది శాతం సిమెంటు నుంచే వస్తోందని లెక్క.

ఈ లెక్క నాకు చాలా ధైర్యం ఇచ్చింది. రాయే మేలు అని తమ్ముడికి చెప్పేయొచ్చనుకున్నాను. కానీ మా ముంగిలికి లెక్క వేసి చూద్దామని కూర్చున్నాను. అరవై మిల్లీమీటర్ల పేవర్లు నాలుగు వందల అడుగులకి వేస్తే వాటిలో సుమారు పదహారు బస్తాల సిమెంటు ఉంటుంది. సరే, మరి నాపబండలు? ఇప్పుడెవరూ వాటిని మట్టి మీద పరవరు. కింద రెండంగుళాలకి కాస్త తక్కువగా సిమెంటు మాలు వేసి దాని మీద కూర్చోబెడతారు. ఆ మాలుకి ఏడెనిమిది బస్తాలు కావాలి. అంటే పేవర్లకి పట్టే దాంట్లో సగం రాతి కింద దాక్కుని ఉంది. పేవర్ల విషయంలో ఇంకో మంచి కూడా ఉంది. కింద ఇసుకే కాబట్టి రేపు మళ్ళీ పైపు పగిలితే లేపి, బాగుచేసి, అవే తిరిగి పేర్చుకోవచ్చు. సందుల్లోంచి వాన నీళ్ళు కొంతైనా భూమిలోకి దిగుతాయి. మాలు మీద కూర్చోబెట్టిన బండని లేపితే విరుగుతుంది, నీటి చుక్క కిందికి దిగదు.

కాబట్టి రాయి పుణ్యం, సిమెంటు పాపం అనే లెక్క కుదరలేదు. రాయికి కుదరాలంటే దాన్ని పాతకాలం లాగా పరవాలి. మా నాన్న 1978లో ఇల్లు కట్టినప్పుడు మట్టి గట్టిగా దిమ్మిస చేసి, పల్చగా ఇసుక పోసి, రెండంగుళాల మందం బండలు పరిచి, అతుకుల్లో సున్నం పెట్టించాడు. అప్పుడు సిమెంటు పొదుపుగా వాడేవాళ్ళు. అది వాళ్ళ పర్యావరణ స్పృహ కాదు, జేబు.

*

మూడోది, మేస్త్రీ ఫోన్లోది. ఇదే నన్ను ఎక్కువ తికమక పెట్టింది, ఎందుకంటే దాన్ని చూడగానే నాకు ఒళ్ళు మండింది. ఎందుకు మండాలి? టైలు గట్టిది, తేలిగ్గా కడుక్కోవచ్చు, గరుకు రకం తీసుకుంటే అమ్మ జారదు. చింతపండు రసం పడితే నాపరాయి మీద మచ్చ పడుతుంది, దీని మీద పడదు. (ఆ మచ్చ పడటం, మాకు అంత దూరమేమీ కాని బెలూం గుహలు పుట్టడం ఒకటే పని. సున్నపురాయిని పులుపు తింటుంది. వాన నీటిలోని కొద్దిపాటి పులుపు లక్షల ఏళ్ళు తిని 3,229 మీటర్ల గుహలు తొలిచింది.)

కోపానికి నేను ముందు చెప్పుకున్న కారణం 'ఇది అబద్ధం' అని. ఈ మాట అన్నవాళ్ళలో నేను మొదటిదాన్ని కాదు. జాన్ రస్కిన్ 1849లో అచ్చయిన తన 'సెవెన్ ల్యాంప్స్ ఆఫ్ ఆర్కిటెక్చర్' పుస్తకంలో సత్యానికి ఒక అధ్యాయమే ఇచ్చాడు. ఒక పదార్థం మీద రంగులేసి ఇంకో పదార్థంలా కనబడేట్టు చేయడం మోసం అంటాడు. యంత్రం చేసిన నగిషీని చేత్తో చెక్కినట్టు చూపించడం కూడా మోసమే ఆయనకి. కానీ ఆయనే ఒక చిక్కు ఒప్పుకుంటాడు. కట్టడం మీద బంగారు పూత పూస్తే అది మోసం కాదట, ఎందుకంటే గోడంతా బంగారమని ఎవరూ అనుకోరు. నగకి పూస్తే మోసం, ఎందుకంటే చూసినవాళ్ళు బంగారమే అనుకుంటారు.

రస్కిన్‌కి చిలకలపూడి తెలియదు. మచిలీపట్నం పక్కన చిలకలపూడిలో తయారయ్యే రోల్డు గోల్డు నగలు పెట్టుకుని ఎంతమంది పెళ్ళిళ్ళకి వెళ్తారు! అది బంగారమని ఎవరినీ నమ్మించరు, ఎవరూ నమ్మరు. ఎక్కడ కొన్నావని బాహాటంగా అడుగుతారు, చెబుతారు. తాకట్టు కొట్టులో బంగారమని పెడితే అప్పుడు మోసం. అబద్ధం అనడానికి మోసపోయిన మనిషి ఒకరు ఉండాలి. రాతి బొమ్మ టైలు విషయంలో అమ్మ మోసపోదు, నేను మోసపోను, ఇంటికొచ్చినవాళ్ళు రెండడుగులు వేసేసరికి వాళ్ళకీ తెలిసిపోతుంది. కాబట్టి అబద్ధం అనే నేరం నిలబడదు.

మరి నా కోపం దేని మీద? జవాబు అమ్మ ఇచ్చింది, ఇవ్వాలని కాదు. కొట్లో టైల్స్ పరిచి చూపిస్తుంటే ఆమె కళ్ళద్దాలు సర్దుకుని, "ఈ గీత అక్కడ గూడా ఉంది సూడు," అంది. నిజమే. అదే వంకర గీత, అదే గోధుమరంగు మచ్చ, అయిదో టైలులో మళ్ళీ ఉంది. కొట్టు కుర్రాడు నవ్వి, పరిచేటప్పుడు తిప్పి వేస్తే తెలియదన్నాడు. అమ్మకి ఇక వేరేదీ కనబడలేదు. ఆ గీత ఎక్కడెక్కడుందో వెతుకుతూనే ఉంది.

అప్పుడు నాకు అనిపించింది. రాతి మీద గీత పడటానికి ఒక కారణం ఉంది, ఆ సముద్రంలో ఆ రోజు ఏదో జరిగింది. టైలు మీద గీతకి కారణం ఏమిటంటే ఇంకో చోట ఒక రాతి మీద గీత ఉంది, దాన్ని ఫోటో తీశారు. రాయి అరిగితే కింద మళ్ళీ అదే రాయి. టైలు బొమ్మ పోతే కింద బొమ్మ లేని మట్టి పింగాణీ. రంగు పేవరు అరిగితే చిప్స్ పళ్ళు బయటపడతాయి, అయినా అది తాను చిప్స్‌తో చేసినదాన్నని ఎప్పుడూ దాచలేదు. ఒక వస్తువు మనతోపాటు ముసలిదవుతుందా, లేక కొత్తగా ఉండటం మానేసి పాడవుతుందా? నాకు టైలు మీద ఉన్న అభ్యంతరం ఇది. ఇది నీతికి సంబంధించిందా, అభిరుచికి సంబంధించిందా అంటే రెండో దానికే దగ్గర అని ఒప్పుకోవాలి. అభిరుచిని నీతిగా చూపించుకోవడం కూడా ఒక రకం పైపూతే. టైలు వేయించుకున్నవాళ్ళు నాకంటే తక్కువ నిజాయితీపరులేం కాదు. మాకు వద్దనుకున్నాం, అంతే.

*

ఇప్పుడు బరువైన ప్రశ్న.

తమ్ముడు పేవర్లు అనడానికి కారణం ఖర్చూ కాదు, సౌకర్యమూ కాదు. ఇంగ్లండులో వాడు కొన్న ఇంటి వెనక పాటియో ఉంది. లేత గోధుమరంగు ఇసుకరాయి. అమ్మినవాళ్ళు గొప్పగా చెప్పారట, ఇండియన్ శాండ్‌స్టోన్ అని. బ్రిటన్‌లో అలాంటి రాయి చాలామటుకు రాజస్థాన్‌లోని కోటా, బూందీ ప్రాంతాల నుంచి వెళ్తుంది. వాడు ఒక ఆదివారం ఊరకే వెతుకుతూ బుధ్‌పురా గురించి చదివాడు. బూందీ జిల్లాలో ఒక ఊరు. గనుల్లో మిగిలిన రాతి ముక్కల్ని చిన్న చిన్న దిమ్మలుగా కొట్టే పని అక్కడ ఇళ్ళ ముందే సాగుతుంది, పిల్లలు కూడా కూర్చుని కొడుతుండటం గురించి నివేదికలు వచ్చాయి. ఇసుకరాయి అంటే చాలామటుకు సిలికా. ఆ దుమ్ము ఏళ్ళ తరబడి పీలిస్తే సిలికోసిస్. ఒకసారి వస్తే నయం కాదు, ఊపిరితిత్తులు గట్టిపడుతూ పోతాయి. రాజస్థాన్ ప్రభుత్వం 2019లో దీనికోసం ప్రత్యేకంగా ఒక విధానమే ప్రకటించాల్సి వచ్చిందంటే పరిస్థితి అర్థం చేసుకోవచ్చు.

"నేను దాని మీద కుర్చీ వేసుకుని టీ తాగుతున్నా అక్కా," అన్నాడు వాడు ఫోన్లో. వాడి గొంతు మారింది. "అమ్మకైనా అది వద్దు."

నేను మొదట వాదించాను. నాపరాయి ఇసుకరాయి కాదు, సున్నపురాయిలో సిలికా దానికంటే చాలా తక్కువ. వాడు ఒప్పుకున్నాడు గానీ, గని గనే కదా అన్నాడు. అదీ నిజమే. పేలుళ్ళు, జారిపడే బండలు, కాగితం లేని కూలి, తవ్వి వదిలేసి నీళ్ళు నిండిన గుంతలు. తర్వాత నేను రెండో వాదం తెచ్చాను. పేవరులో చిప్స్, రోబో ఇసుక ఎక్కడివి? క్రషర్ల నుంచి. అక్కడ కొట్టేది ఎక్కువగా గ్రానైట్ జాతి రాయి, దానిలో సిలికా బాగానే ఉంటుంది. క్రషర్ దగ్గర పనిచేసేవాళ్ళ గురించి నీకు కథనం దొరకలేదు కాబట్టి నీ పేవరు శుభ్రంగా కనబడుతోంది. బండని చూస్తే దాన్ని కొట్టినవాడు గుర్తొస్తాడు. పేవరుని చూస్తే యంత్రం గుర్తొస్తుంది, యంత్రం ముందు నిలబడినవాడు గుర్తురాడు. మనకి కనబడని కష్టం ఉన్నదాన్ని ఎంచుకుని చేతులు కడుక్కున్నాం అనుకోవడంలో నీతి ఎంత?

ఈ వాదంలో నేను గెలిచాను. గెలిచాక ఏం చేయాలో తెలియలేదు. అన్నిట్లోనూ దుమ్ము ఉందని నిరూపించడం వల్ల ఏ ఒక్కరి దగ్గూ తగ్గదు. "అన్నీ అలాంటివే" అనే మాట ఎంత నిజమో అంత ప్రమాదం. అది నిజమయ్యేకొద్దీ మనకి నచ్చింది చేసుకోవడానికి అనుమతి పత్రంలా పనిచేస్తుంది.

మేస్త్రీని అడిగాను. అతని తండ్రి బండల గనిలో పనిచేశాడని అమ్మ చెప్పింది. అతను ఇసుక జల్లెడ పడుతూ, తలెత్తకుండానే చెప్పాడు. "మా నాయన బండలు లేపేటోడు అక్కా. నడుం పోయింది, దగ్గుతో పోయినాడు. నేను కొట్టేదానికి పోలే, పరిచేదానికి వచ్చినా." మరి మేము బండలు కొనడం తప్పా అని అడిగాను. నా ప్రశ్నకి అతను నవ్వాడు. "మీరు కొనకపోతే మావోళ్ళ దగ్గు తగ్గదు అక్కా, కూలి తగ్గుతాది."

ఈ మాట ముందు నా చదువంతా చిన్నబోయింది. కానీ రాత్రి పడుకున్నాక దీన్ని కూడా తిరగేసి చూశాను. ఇదే మాట వెట్టిచాకిరీ గురించి, పసిపిల్లల పని గురించి ప్రతి తరంలోనూ ఎవరో ఒకరు అన్నారు. అప్పుడు అన్నది చాలాసార్లు లాభపడేవాళ్ళు. ఇప్పుడు అంటున్నది తండ్రిని పోగొట్టుకున్నవాడు. అన్న మనిషిని బట్టి మాటకి బరువు వస్తుంది, నిజమే, కానీ దాన్ని విన్న నేను మాత్రం లాభపడే పక్షమే. అతను అతని మాటని అనొచ్చు. దాన్ని ఎత్తుకొచ్చి నా సమర్థనగా వాడుకునే హక్కు నాకు లేదు.

*

ఇది తేలకముందే ఇంకోటి జరిగింది. గేటు దగ్గర మెట్టుకి ఒక బండ ముక్క కావాలని, మేస్త్రీతో వచ్చిన కుర్రాడు కరెంటు కట్టర్‌తో కోస్తున్నాడు. ఇరవై ఏళ్ళు కూడా ఉండవు. ముఖానికి ఏమీ లేదు. తెల్లటి దుమ్ము మేఘంలా లేచి అతన్ని కప్పేసింది. నేను లోపల కూర్చుని తమ్ముడికి బుధ్‌పురా గురించి ఇంకో మెసేజ్ పెడుతున్నాను. దుమ్ము లోపలికి వస్తోందని లేచి, కిటికీ రెక్క వేసి, మళ్ళీ కూర్చుని టైపు చేయడం మొదలుపెట్టాను.

రెండు వాక్యాలు రాశాక చెయ్యి ఆగింది.

రాజస్థాన్ గురించి నాకు తెలిసినదాంట్లో నేను మార్చగలిగేది దాదాపు ఏమీ లేదు. ఎర్రగుంట్లలోనూ అంతే. కానీ పది అడుగుల దూరంలో నా డబ్బుతో, నా మెట్టు కోసం లేస్తున్న దుమ్ముని ఆపడానికి ఒక బకెట్ నీళ్ళు చాలు. తడుపుతూ కోస్తే దుమ్ము చాలావరకు బురదై కిందే పడుతుంది. ఇది ఎవరికీ తెలియని రహస్యం కాదు. కాస్త ఆలస్యమవుతుంది, కాస్త గలీజవుతుంది, అంతే. పేవర్లు వేయించినా గోడ అంచుల దగ్గర కోయక తప్పదు, పైగా ఆ కాంక్రీటు దుమ్ములోనే సిలికా ఎక్కువ. అంటే నేను మూడు వారాలుగా ఏ వస్తువు అని అడుగుతున్న ప్రశ్నలో ఈ కుర్రాడు లేనే లేడు. ఏది ఎంచుకున్నా అతను అలాగే కోసేవాడు, నేను అలాగే కిటికీ వేసుకునేదాన్ని.

దూరపు అన్యాయం గురించి ఆలోచించకూడదని నేను అనడం లేదు. తమ్ముడి బాధ నిజమైనది. ఎక్కడి రాయో, ఎవరు కొట్టారో అమ్మేవాణ్ణి అడిగేవాళ్ళు ఉంటేనే అక్కడ ఏదైనా మారుతుంది. కానీ దూరపు దాని మీద ఆలోచన, దగ్గరి దాన్ని చూడకుండా ఉండటానికి మంచి చాటు అవుతుంది. నాకు అయ్యింది. కొనే ముందు పడే మథనం అంతా అయిపోయాక, కొన్నాక చేయాల్సిన పని ఒకటి మిగిలి ఉంటుంది. దానికి మథనం అవసరం లేదు, లేచి వెళ్ళాలి.

వెళ్ళాను. బకెట్ పెట్టాను. మరుసటి రోజు మెడికల్ షాపులో దొరికిన మంచి రకం మాస్కులు నాలుగు తెచ్చాను. కుర్రాడు పెట్టుకున్నాడు, పావుగంటకి తీసి మెళ్ళోకి జార్చుకున్నాడు. "ఉడుకు పోస్తాంది అక్కా," అన్నాడు. మళ్ళీ పెట్టుకోమన్నాను. మళ్ళీ తీశాడు. నీళ్ళు మాత్రం పోస్తూనే ఉన్నాడు.

*

ముంగిలి ఏమైందో చెప్పాలి కదా.

పని మొదలుపెట్టే రోజు మేస్త్రీ, గోడకి ఆనించిన పాత బండలు ముందు తీసేయాలన్నాడు. అమ్మ అడిగింది, "తీసి ఏడ పోస్తావు నాయనా?" ఊరి బయట గుంతలో పోస్తామన్నాడు. "మా ఆయన పరిపించినవి," అంది అమ్మ, ఫిర్యాదులా కూడా కాదు, మామూలుగా. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత మేస్త్రీయే వెళ్ళి ఒక బండని పక్కకి ఒరిగించి, వెనక వైపు చేత్తో తుడిచాడు. నలభై ఏళ్ళకి పైగా మట్టిని అంటుకుని ఉన్న వైపు. అరగలేదు. చీలినప్పుడు ఎలా ఉందో అలాగే, సన్నటి అలలతో, గరుకుగా ఉంది.

"తిరగేసి పరుద్దాం అక్కా. జారదు గూడా," అన్నాడు.

ఇన్ని రోజులూ రాయా, సిమెంటా, టైలా అని కొట్టుకున్నాం. ఉన్నవాటిని ఏం చేద్దాం అని నేనూ అడగలేదు, తమ్ముడూ అడగలేదు. ఇద్దరమూ నీతి గురించే మాట్లాడుకున్నాం, కానీ కొనేవాళ్ళలా మాట్లాడుకున్నాం. కొత్తది వస్తుందనేది మా లెక్కలో ముందే ఉంది, ఏ కొత్తది అనేదే ప్రశ్న. పాత బండలకి కొత్త గని అక్కర్లేదు, కొలిమి అక్కర్లేదు. మేస్త్రీకి కూలి తగ్గకూడదని, లేపి తిరగేసే పనికి ముందు ఒప్పుకున్న మొత్తమే ఇచ్చాం. ఆ డబ్బులో గనికి పోయే వాటా ఈసారి గనికి పోలేదు. కూలి తగ్గుతాదన్న అతని మాట ప్రకారం చూస్తే అక్కడ ఎవరికో ఒక రోజు పని పోయింది. దానికి నా దగ్గర సమాధానం లేదు.

మూడొంతుల బండలు పనికొచ్చాయి. నాన్న చేయించినట్టే ఇసుక మీద పరిచారు. విరిగిన ముక్కలు మొక్కల చుట్టూ అంచుకి పెట్టారు. తక్కువైన చోట, గోడ వెంబడి మూడడుగుల పట్టీ మట్టిగానే వదిలేశాం. వాన పడితే అటు ఇంకుతుంది. తమ్ముడికి ఫోటోలు పంపాను. చాలాసేపటికి జవాబు పెట్టాడు: "మా పాటియో కూడా తిరగేయొచ్చేమో." ఎందుకో అడగలేదు నేను.

మొన్న ఫోన్ చేస్తే అమ్మ బాగుందనే చెప్పింది. జారడం లేదట, కల్లాపి నీళ్ళు నిలవడం లేదట. కానీ ఒక్కటే కష్టంగా ఉందట.

"ముగ్గు గీత నిలువుగా రావడం ల్యా పాపా. ఆ గరుకులో పిండి ఎటు బోతాదో దానికే తెలీదు."